కానుగచెట్టు వంగిన నేలలో ఒక జపాను బాలిక

తమిళదేశపు ఎట్టయాపురము, కోవిల్‌పట్టి, విరుదునగరము ప్రాంతముల నల్లరేగడి భూములలో తరతరములుగా కాపురమున్న తెలుగు కుటుంబములవారు తమ పూర్వులు ఉత్తరమునుండి వలసవచ్చిన వృత్తాంతమును చెప్పుకొనునపుడు, అందొక కన్య యుండును. ఆమె సౌందర్యమును విని ఆశపడిన ప్రభువొకడుండును. మానరక్షణార్థము ఇల్లు వాకిలి విడిచి బయలుదేరిన బంధుజనముండును. వారి దారికడ్డముగా పొంగి పారుచున్న యేరొకటి యుండును. వెనుక తరుముకొని వచ్చుచున్నవారి అలికిడి వినవచ్చుచుండగా, ఒడ్డుననున్న కానుగచెట్టు తనంత తానే వంగి, ఆవలి గట్టునకు వంతెనయై, అందఱిని దాటించెనని కథ. ఈ వలసవారిలోని రాజకంబళ నాయకులు కానుగచెట్టును పూజ్యముగా భావించుటకు ఈ కథయే మూలమందురు. కోవిల్‌పట్టికి సమీపమున ఇడైచెవల్ గ్రామములో, తెలుగు మాట్లాడు ఇంట పుట్టి తమిళమున వ్రాసిన కి. రాజనారాయణన్ గారు 1976లో వెలువరించిన ‘గోపల్లగ్రామం’ నవలయందు ఇట్టి వలసకథనే ఒక ముదుసలి నోట చెప్పించి, చెన్నాదేవి యను కన్యను దానికి కేంద్రముగా నిలిపిరి.

ఈ కథ నాకు మిక్కిలి ప్రియమైనది. అయినను దీనిని తలచినప్పుడెల్ల ఒక సందేహము పీడించుచుండును. చెట్టునకు మహిమ యున్నది, బంధువులకు సాహసమున్నది, ప్రభువునకు కామమున్నది, తుదకు ఏటికిని వేగమున్నది. ఇంతటి హడావుడికి కారణభూతురాలైన ఆ పిల్లకు మాత్రము అందము తప్ప మఱేమియు లేదు. ఆమె ఒక్క మాట పలికినట్లు కూడ ఎవరును చెప్పరు. మన అద్భుతకథలలో ఆడుపిల్లకు శక్తి వచ్చుట లేకపోలేదు గాని, అది వచ్చు తావు చితి. పెనుగొండ కన్యక అగ్నిప్రవేశము చేసిన పిదపనే పరమేశ్వరియైనది. పెనుగంచిప్రోలు తిరుపతమ్మ అగ్నికాహుతియైన పిదపనే పేరంటాలై ఊరూర తిరునాళ్లందుకొనుచున్నది. బ్రదికియున్నంతకాలము ఆమె యొకరి కూతురు, వేఱొకరి భార్య. పోనీ, దైవగాథలు వదలి వినోదమునకు వత్తమన్నను, 1951 నాటి ‘పాతాళభైరవి’లో మంత్రశక్తికై పెనుగులాడువారు మాంత్రికుడును తోటరాముడును, రాకుమారి యిందుమతి అపహరింపబడుటకును రక్షింపబడుటకును మాత్రమే నియుక్తురాలు. ఆ చిత్రమును నేనిప్పటికిని ఆనందముతో చూతును. కాని చూచుచు ఈ మాట మఱవను.

ఇట్టి సందేహముతో నున్న నాకు జపానువారి ‘కార్డ్‌క్యాప్టర్ సకురా’ అను చిత్రమాలిక ఒక విధమైన సమాధానముగా తోచినది. చేతితో గీసిన బొమ్మలను కదలించి కథ నడపు జపానీయ చిత్రములను లోకమంతయు ‘అనిమే’ అని పిలుచుచున్నది గదా; వాటిలో మంత్రశక్తిగల బాలికల కథలొక ప్రత్యేకశాఖ. 1966లో మంత్రలోకపు రాకుమారి శాలీ కథతో ఆ శాఖ చిగిర్చినది. ఆ శాలీకి ప్రేరణ అమెరికావారి ‘బివిచ్డ్’ అను టెలివిజన్ ధారావాహిక యనుట మఱొక విచిత్రము. 1992లో ‘సెయిలర్ మూన్’ వచ్చి, బాలికలను దండుగా కట్టి యుద్ధమునకు పంపినది. సకురా వీరి తరువాతిది. ‘క్లాంప్’ అను పేరుతో కలసి పనిచేయు నలుగురు స్త్రీలు దీనిని 1996 మొదలు 2000 వఱకు ‘నకయోషి’ అను బాలికల పత్రికలో బొమ్మలకథగా ప్రచురింపగా, మొరియో అసాకా దర్శకత్వమున మ్యాడ్‌హౌస్ సంస్థ దానిని డెబ్బది భాగముల చిత్రమాలికగా రూపొందించినది. 1998 ఏప్రిల్ నుండి 2000 మార్చి వఱకు జపాను ప్రజాప్రసారసంస్థయైన ఎన్.హెచ్.కె. ఉపగ్రహవాహినిలో అది ప్రసారమైనది.

కథాసూత్రము సులువైనది. తొమోఎదా అను ఊరిలో నాలుగవ తరగతి చదువుచున్న పదేండ్ల కినోమోతో సకురా తండ్రిగారి పుస్తకముల గదిలో ఒక ప్రాచీనగ్రంథమును తెఱచును. క్లో రీడ్ అను మాంత్రికుడు సృజించిన మంత్రపత్రములు అందుండి గాలికెగిరి ఊరంతట చెదరిపోవును. గ్రంథమును కాపాడవలసిన కెరో యను చిన్ని సింహము కాపలా మఱచి నిద్రపోయినందున, ఆ పత్రములను తిరిగి పట్టితెచ్చు భారము బాలికపై పడును. మూలమైన బొమ్మలకథలో పంతొమ్మిదే యున్న ఈ పత్రములను చిత్రమున ఏబదిరెంటికి పెంచిరి. ఒక్కొక్క పత్రమునకు ఒక్కొక్క స్వభావము: గాలి, నీరు, నీడ, నిద్ర, తీపి, పాట. బలముతో లొంగునవి కొన్ని, స్నేహముతో లొంగునవి కొన్ని. అన్నిటికంటె ముఖ్యము, పట్టవలసినదాని పేరు తెలియవలెను. పేరు తెలియనిదే అది లొంగదు.

ఇది చదువు ఎట్టయాపుర వాసికి ఆ యూరిలోనే జరిగిన మఱొక కార్యము స్ఫురింపక మానదు. 1835లో ముత్తుస్వామి దీక్షితులు ఎట్టయాపురముననే దేహము చాలించిన పిమ్మట ఆయన కీర్తనలు శిష్యుల గొంతులలో, కుటుంబీకుల స్మృతిలో చెదరి యుండినవి. వానినన్నిటిని ఏర్చి, ఏ రాగము ఏ మేళమునకు చెందునో, ఏ స్వరముపై ఏ గమకము వాలునో సంకేతములతో గుఱుతించి, సుబ్బరామ దీక్షితులు ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ని 1904లో ఎట్టయాపుర సంస్థానపు విద్యావిలాసినీ ముద్రాక్షరశాలలో అచ్చువేయించెను. తమిళదేశపు నడిబొడ్డున అచ్చయిన ఆ మహాగ్రంథము లిపి తెలుగు. గాలిలోనున్న నాదమును పేరుపెట్టి పుటకు కట్టివేయుటలో ఆ వృద్ధుడు పడిన పాటునకును, సకురా పడు పాటునకును గల సామ్యము నా కల్పనమే కావచ్చును. కాని ఇరువురి పనియు చెదరినదానిని కూర్చుటయే.

సకురా కథలో పాట యను పత్రమును పట్టు ఘట్టము నాకత్యంతము నచ్చినది. విన్న కంఠమును అనుకరించి పాడు ఆ శక్తిని బెదరింపక, సకురా నెచ్చెలి తోమోయో తానును గొంతు కలిపి పాడగా, అది ఆ పాటలో లీనమై చిక్కును. అట్లే వాన యను పత్రము. ఇంటిపనులన్నియు సకురా వంతైన ఒక ఆదివారమున, ఆ అల్లరిపిల్ల మేఘమెక్కి వచ్చి ఇంటిలోపల వర్షము కురియింపగా, తీగలు మొలచి గదులన్నియు నిండును. సకురా దానిని బంధించి పుస్తకమున పెట్టును. కోవిల్‌పట్టి రేగడిలో మబ్బుకై తలయెత్తి చూచి మెడలు పట్టిన రైతు ఈ ఘట్టమును చూచినచో పిల్లను మెచ్చునో, శపించునో చెప్పజాలను! ఎట్టయాపురమునకు వచ్చుచు, ఎండిన పంటలు చూచి కరిగి, ముత్తుస్వామి దీక్షితులు అమృతవర్షిణి పాడగా కుంభవృష్టి కురిసెనని ఐతిహ్యము చెప్పు సీమ యది. వానను బంధించుట వారికి ఏ విధముగను వీరకృత్యము కాదు.

అయినను ఈ చిత్రమాలికకు నేనిచ్చు ప్రధానమైన మెప్పు ఈ మంత్రపత్రములకు గాదు. సకురా తల్లి ఆమె మూడేండ్ల వయస్సుననే గతించినది. తండ్రి ఫుజితకా కళాశాలలో పురావస్తుశాస్త్రము బోధించును, వంటయు చేయును. ఎవరు ఏనాడు వండవలెనో, ఎవరు గిన్నెలు కడుగవలెనో గోడనున్న పలకపై వ్రాసియుందురు. అన్న తోయాకును అందు వంతు తప్పదు. ఉదయము నిద్ర లేవలేక, చక్రముల పాదరక్షలపై బడికి పరుగెత్తు ఈ పిల్లకు లెక్కలు రావు, దయ్యములన్న చచ్చునంత భయము. శక్తి వచ్చినంత మాత్రమున ఆమె వేఱొక రూపము దాల్చదు. ఆమె ధరించు వింతవింత దుస్తులన్నియు తోమోయో కూర్చుండి కుట్టినవే. రాత్రి నీటిభూతముతో పోరాడిన పిల్ల మఱునాడు తన వంతు అంట్లు తోమును. ఆ నీటినైనను ఆమె మత్స్యశాలలోని శీతలగదిలోనికి తెలివిగా రప్పించి గడ్డకట్టించినదే గాని, ఖడ్గముతో నఱికినది కాదు. శక్తియు బాల్యమును ఒకే యింటిలో కలసి కాపురముండగలవని ఇంత నిరాడంబరముగా చెప్పిన కథ మన వాఙ్మయమున నాకు కానరాలేదు.

పదేండ్ల పిల్ల దినచర్య యనగా అల్పవిషయమని తలచువారు కోవిల్‌పట్టి, సాత్తూరు, శివకాశి పట్టణముల యగ్గిపెట్టెల చరిత్రను జ్ఞాపకము చేసికొనవలెను. తమిళమనక తెలుగనక, ఆ చుట్టుపట్ల పల్లెలలోని ఆడుపిల్లలను తెల్లవాఱకముందే బస్సులు వచ్చి కర్మాగారములకు తీసికొనిపోయెడి కాలమొకటి యుండినది. చట్రములలో పుల్లలు పేర్చుటకు చిన్నవ్రేళ్లు అనువని చెప్పుచుండెడివారు. సకురా కథ జపాను పత్రికలో ఆరంభమైన 1996వ సంవత్సరముననే, డిసెంబరులో, శివకాశి బాలకార్మికుల వ్యాజ్యమున సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. అప్పటి పదేండ్ల పిల్లలు ఇప్పుడు తల్లులు. పిల్లకు బడియు, ఆటయు, భయమును, నిద్రయు తనవిగా నుండుట ఏ మంత్రదండముకంటె తక్కువ కోరిక కాదని వారికెవరును చెప్పనక్కఱలేదు. గోడమీది పలకలో అన్న పేరు కూడ నుండుట వారికి మఱింత వింతగా తోచవచ్చును.

తుదిపరీక్ష ఘట్టమును గూర్చి కొంత చెప్పవలెను. పత్రములన్నియు చిక్కిన పిమ్మట యుయె అను రెక్కల న్యాయాధిపతి ప్రత్యక్షమై బాలికను పరీక్షించును. ఓడినచో ప్రపంచము నాశనము కాదు. ఆమెయు, ఆ పత్రములతో సంబంధముగలవారును తమకత్యంత ప్రియమైనవారిపైనున్న ప్రేమను మఱచిపోదురు. ఎంత సున్నితమైన శిక్ష! గెలిచిన సకురా యుయెతో తాను యజమానురాలు కాజాలననియు, స్నేహితురాలుగా నుండగోరుదుననియు చెప్పును. 2011లో వచ్చిన ‘మదోకా మాజికా’ యను పండ్రెండు భాగముల కథ దీనికి ప్రత్యుత్తరము వంటిది. అందు శక్తి పొందిన ప్రతి బాలికయు దానికి ప్రాణము నొడ్డును. నాయిక తుదకు లోకస్మృతినుండి తొలగి ఒక విశ్వనియమముగా మాఱిపోవును. విమర్శకులనేకులు దానినే గొప్పదందురు. దాని శిల్పమును నేనును కాదనను. కాని మన పేరంటాండ్ర కథలు వినుచు పెరిగిన నాకు అందు నూతనత్వము కొంచెమే కనబడినది. ఆహుతియై దేవతయగు పిల్ల మనకు చిరపరిచిత. ఆహుతి కాకుండ శక్తిమంతురాలై, ఇంటికి వచ్చి అన్నము తిను పిల్లయే మనకు క్రొత్త.

దోషములు లేవా? ఉన్నవి. వారమునకొక పత్రము చిక్కుటచే నడిమిభాగములు ఒకే మూసలో సాగి విసుగు పుట్టించును. అంతకంటె పెద్దది, మూలకథలో ఒక ఉపాధ్యాయునికిని సకురా తోడి విద్యార్థినికిని ప్రేమబంధమున్నట్లు వ్రాయుట. చిత్రమున దీనిని పలుచన చేసిరి గాని పూర్తిగా తుడువలేదు. బాల్యమునింత గౌరవించిన గ్రంథకర్త్రులకు ఇది తగదు. ఏ సుకుమారశిల్పమును దీనికి క్షమాపణ కాజాలదు.

అమెరికాకు పోయినప్పుడు ఈ కథకు పట్టిన గతి మఱొకటి. కెనడాకు చెందిన నెల్వానా సంస్థ 2000లో దీనిని కత్తిరించి, అక్కడి టెలివిజనుకు డెబ్బదిలో ముప్పదితొమ్మిది భాగములే చూపినది. అదియును మొదటినుండి కాక, హాంగ్‌కాంగ్ బాలుడు షావొరాన్ ప్రవేశించు ఎనిమిదవ భాగముతో ఆరంభించినది. కారణము స్పష్టమే: ఆడుపిల్ల కథయన్నచో మగపిల్లలు చూడరని భయము. కానుగచెట్టు కథలో పిల్లను మూగగా నుంచినవారము మనమే గావున నవ్వుటకు మనకధికారము లేదు గాని, నవ్వు మాత్రము వచ్చును.

కాబట్టి మన టెలివిజనువారెవరైనను దీనిని తెలుగు చేయదలచినచో డెబ్బది భాగములును, వరుస తప్పక, తెలుగు చేయవలెనని నా కోరిక. అందులో ఒక చిక్కును, ఒక అవకాశమును గలవు. కావలి సింహము కెరో మూలమున ఒసాకా యాసలో మాట్లాడును. ఆ గ్రంథము చాలకాలము ఒసాకాలో నుండుటచే అక్కడి పలుకుబడి తనకు పట్టుబడినదని దాని వివరణ. అనువాదకులు అలవాటు చొప్పున దానికి ఏ కోనసీమ యాసయో, తెలంగాణ యాసయో తగిలించి హాస్యము సాధింపజూతురు. అట్లు కాక, దూరదేశమున తరతరములుండి, లిపి మఱచి, అరవమాటలు కలుపుకొని, అయినను ఇంటిలో తెలుగే పలుకుచున్న కోవిల్‌పట్టి, ఎట్టయాపురములవారి పలుకుబడినిచ్చినచో ఎంత యుచితముగా నుండును! పరాయియూరిలో నివసించి ఆ యూరి పలుకు పట్టుబడిన కావలివానికి అంతకంటె తగిన యాస ఏది? వ్రాయువారికి సందేహము కలిగినచో ఇడైచెవల్ పోయి ఏ యరుగు మీదనైనను కూర్చుండి వినవచ్చును. కోవిల్‌పట్టి కడలైమిఠాయి కూడ దారిలోనే దొరకును. తీపిపిచ్చిగల కెరోకు ఆ యూరు నచ్చకపోదు.