ఏనుగును కొని అంకుశానికి వెనుకాడితే

పోయిన సంచికలో పాత ఇల్లు కొనేవారు చూసుకోవలసిన దస్తావేజుల గురించి రాశాను. ఈసారి మన వైపు ఎవరూ కొనని వస్తువు గురించి రాస్తున్నాను. ‘ఈయనకేమైనా మతి పోయిందా?’ అనుకోకుండా చివరిదాకా చదవవలసిందిగా మనవి. మన కుటుంబాలలో చాలామంది పిల్లలు ఇప్పుడు అమెరికాలో ఉన్నారు. అక్కడ వాళ్ళు కొనే వస్తువుల పేర్లు మనకు నోరు తిరగకపోవచ్చు గాని, వాటి వెనక పోయే డబ్బూ, వాటి వెంట వచ్చే ప్రమాదమూ మనకు అర్థం కానివేమీ కావు.

2024 మే నెలలో నేనూ, మా ఆవిడా డాలస్ దగ్గర ఉన్న మా అబ్బాయి ఇంటికి వెళ్ళాం. వెళ్ళిన నాలుగో రోజున భోజనాల దగ్గర వాడు నెమ్మదిగా విషయం బయటపెట్టాడు. ‘‘నాన్నా, ఒక పడవ కొందామనుకుంటున్నాను. సెకండ్ హ్యాండే. నువ్వొకసారి కాగితాలు చూడాలి’’ అన్నాడు. కోడలు నా వైపు చూసి నవ్వుతూ, ‘‘వద్దనండి మావయ్యగారూ’’ అంది. వద్దంటే మానేవాడైతే వాడు నా దాకా రానే రాడు.

వాడు కొనదలచింది వేక్‌బోర్డు పడవ. పడవ వెనక తాడు కట్టుకుని, కాళ్ళకు పలక బిగించుకుని, పడవ లేపిన అల మీద ఎగిరి గెంతే ఆట అది. మామూలు పడవ అల లేవకుండా పోవాలని చూస్తుంది. ఇది పెద్ద అల లేవాలనే చూస్తుంది. అందుకోసం పడవ లోపల తొట్లలోకి పంపులతో చెరువు నీళ్ళు నింపి బరువు పెంచుతారు. ఇంజను లోపలే ఉంటుంది. పంకా పడవ వెనక బయటకు పొడుచుకు రాకుండా అడుగున ఉంటుంది. తాడు కట్టడానికి నడినెత్తిన ఇనుప కమాను లాంటిది ఉంటుంది. కొత్తది కొనాలంటే ఒక ఇంటి ధరలో చెప్పుకోదగ్గ వంతు అవుతుంది. వాడు చూసిన 23 అడుగుల పాత పడవకు 46,000 డాలర్లు చెప్పారు.

ముప్పై ఏళ్ళుగా బండ్ల అప్పులు మంజూరు చేసినవాణ్ణి. కాగితాలు చూడమంటే నాకు పండగే. అక్కడ పడవలకు వెనక భాగాన కుడివైపు 12 అక్షరాలూ అంకెలూ కలిసిన ఒక నంబరు చెక్కి ఉంటుంది. మొదటి మూడు అక్షరాలు తయారుచేసిన కంపెనీ గుర్తు, చివరి రెండు అంకెలు మోడల్ సంవత్సరం. ప్రకటనలో 2014 మోడల్ అని రాశారు. నంబరు చివర 13 అని ఉంది. అమ్మేవాడు అబద్ధమాడాడని అనను, అతను కొన్నది 2014లో కావచ్చు. కాని ధర మోడల్‌ను బట్టి ఉంటుంది. ఆ ఒక్క మాట మీద 2,000 డాలర్లు తగ్గాయి.

టెక్సాస్‌లో పడవ హక్కు పత్రం ఇచ్చేది పార్కులు, వన్యప్రాణుల శాఖ. దాన్ని మోసే ట్రెయిలరు పత్రం వేరు, అది మోటారు వాహనాల శాఖది. రెండూ ఒకే పేరు మీద ఉన్నాయా, పత్రం మీద అప్పు నమోదై ఉందా చూడాలి. మన ఆర్సీ పుస్తకంలో హైపోథికేషన్ రాసినట్టే అక్కడా రాస్తారు. ఈ పడవ మీద ఇంకా 11,300 డాలర్ల బాకీ ఉంది. అప్పిచ్చిన సంస్థ నుంచి బాకీ లెక్క లిఖితపూర్వకంగా తెప్పించి, ఆ మొత్తం నేరుగా ఆ సంస్థకే కట్టి, మిగిలింది మాత్రమే అమ్మేవాడికి ఇప్పించాను. ఇందులో నేర్పేమీ లేదు, అలవాటు. పాఠకులు మాత్రం ఇది గుర్తుంచుకోవాలి. బాకీ ఉన్న వస్తువుకు డబ్బంతా అమ్మేవాడి చేతిలో పోయకండి.

పడవ శరీరం చూడటం నేను గోపాలపురం సముద్రపు ఒడ్డున నేర్చుకున్నాను. అక్కడి మన జాలరులకు ఫైబరు పడవల మీద అప్పులిచ్చే రోజుల్లో, ఒక పెద్దాయన రూపాయి బిళ్ళతో పడవ పొడుగునా కొట్టి వినిపించాడు. గట్టి చోట కంగుమంటుంది. లోపల పొర విడిపోయి నీరు పట్టిన చోట కుండ పగిలినట్టు బొద్దు శబ్దం వస్తుంది. టెక్సాస్‌లోనూ అదే బిళ్ళ పరీక్ష చేశాను. అమ్మేవాడు విచిత్రంగా చూశాడు గాని ఏమీ అనలేదు.

ఇంజను సంగతి మనకు తెలియదు కనుక, అమ్మేవాడితో సంబంధం లేని పడవల మెకానిక్కును డబ్బిచ్చి పిలిచాం. చల్లబడి ఉన్న ఇంజనునే తన ముందు స్టార్టు చెయ్యాలని అతను ముందే షరతు పెట్టాడు. వేడెక్కిన ఇంజను చాలా రోగాలు దాస్తుందట. నూనె పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటే నీళ్ళు కలిసినట్టే. అతను అడిగిన ఒక ప్రశ్న నాకు బాగా నచ్చింది: ‘‘2021 ఫిబ్రవరిలో ఈ పడవ ఎక్కడుంది?’’ ఆ నెలలో టెక్సాస్‌ను మంచు తుపాను కమ్మేసింది. ఇంజనులో నీళ్ళు ఖాళీ చెయ్యకుండా బయట వదిలేసిన పడవలో ఆ నీరు గడ్డకట్టి, ఉబ్బి, ఇనుప దిమ్మెనే పగలగొట్టగలదు. ఈ పడవ ఆ నెలంతా షెడ్డులో ఉంది, రసీదు కూడా ఉంది. తరువాత చెరువులోకి దింపి నడిపి, వేడి చూపే ముల్లు నిలకడగా ఉందా, బరువు తొట్లు ఒక్కొక్కటీ నిండి ఖాళీ అవుతున్నాయా అన్నీ చూశాడు.

ఇక ఇంటికి తెచ్చుకోవాలి. మా వాడి కారు లాగగల బరువు 5,000 పౌండ్లు. పడవ ఒక్కటే 2,180 కిలోలు, ట్రెయిలరు 590, పెట్రోలు 135, సామాను 90. వెరసి దాదాపు 3,000 కిలోలు, అంటే 6,600 పౌండ్లు. ‘‘మెల్లగా లాగుతుంది నాన్నా’’ అన్నాడు వాడు. లాగడం కాదురా, ఆగడం సంగతేమిటన్నాను. స్నేహితుడి పెద్ద పికప్ బండి అడిగి తెచ్చాడు. అక్కడిదాకా నేను చేసినవన్నీ సరిగ్గానే చేశాను.

చెయ్యని పని ఒకటుంది. మెకానిక్కు ఇచ్చిన రెండు పేజీల నివేదికలో అడుగున ఒక పంక్తి ఉంది: ట్రెయిలరు టైర్లు పాతవి, మార్చాలి. నాలుగు టైర్లకు 640 డాలర్లు అవుతాయన్నారు. నేను వంగి చూశాను. గాళ్ళు లోతుగా, కొత్తవిలాగే ఉన్నాయి. ‘‘ఇంటికి వెళ్ళాక తీరిగ్గా మార్చుకోవచ్చులే’’ అన్నది నేనే. ఏనుగును కొని అంకుశానికి వెనుకాడినట్టు, 44,000 డాలర్ల పడవ కొన్నాక 640 డాలర్ల దగ్గర చెయ్యి బిగించాను.

జూన్ నెల, శనివారం మధ్యాహ్నం, 38 డిగ్రీల ఎండ. 70 మైళ్ళ దారి. పికప్‌లో వాడూ నేనూ. వెనక కారులో కోడలు, మా ఆవిడ, నాలుగేళ్ళ మనవడు. రోడ్డు మీద 75 మైళ్ళ దాకా పోవచ్చని బోర్డు ఉంది. మా వాడు 70 మీద పోతున్నాడు. నలభై మైళ్ళు దాటాక వెనక నుంచి తుపాకి పేలినట్టు శబ్దం వచ్చింది. అద్దంలో చూస్తే ట్రెయిలరు ఎడమకూ కుడికీ తోక ఆడించినట్టు ఊగుతోంది. నల్లటి రబ్బరు ముక్క ఒకటి గాలిలోకి లేచి, మా వాళ్ళ కారు ముందు భాగానికి తగిలింది.

మా వాడు బ్రేకు తొక్కలేదు. యాక్సిలరేటరు వదిలేసి, స్టీరింగు తిన్నగా పట్టుకున్నాడంతే. ఊపు తగ్గింది. పక్కకు తీసి ఆపాడు. ట్రెయిలరుకు ఇరుసులు రెండు కనుక, ఒక చక్రం పోయినా రెండో చక్రం బరువు మోసింది. ఒక్క ఇరుసే ఉండి ఉంటే ఏమయ్యేదో ఆలోచించను. కోడలు దూరం పాటిస్తూ నడుపుతోంది కనుక ఆ ముక్క అద్దానికి తగలకుండా కింది దీపాన్ని పగలగొట్టి పోయింది. మనవడు నిద్రలోంచి లేచి, ‘‘తాతా, ఏమైంది?’’ అని అడిగాడు. నా దగ్గర సమాధానం లేదు.

అదనపు చక్రం ఉంది గాని, పికప్‌లోని స్పానరు ట్రెయిలరు నట్లకు పట్టలేదు. గంటన్నర ఎండలో నిలబడ్డాక సహాయం బండి వచ్చింది. ఆయన వయసు నా వయసే. ముందు టైరు పక్క గోడ మీద ఉన్న నంబరు చూపించాడు. చివరి నాలుగు అంకెలు 2313. అంటే 2013లో 23వ వారం తయారైంది. ట్రెయిలరు ఎక్కువగా కదలదు కనుక గాళ్ళు అరగవు, రబ్బరు మాత్రం ఎండకు ముసలిదైపోతుంది. చూడవలసింది గాళ్ళను కాదు, పుట్టిన తేదీని. అయిదారేళ్ళు దాటితే మార్చవలసిందే. పైగా ట్రెయిలరు టైర్లు చాలావాటికి గంటకు 65 మైళ్ళే హద్దు. రోడ్డు బోర్డు కారుకు చెప్పింది, టైరుకు కాదు.

తరువాత ఆయన నాలుగు చక్రాల నడిబొడ్డు మీదా అరచెయ్యి ఆనించి చూశాడు. ఒకటి చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంది. వేడెక్కిన చక్రాన్ని చల్లని నీళ్ళలోకి దింపితే, లోపలి గ్రీజులోకి నీరు పీల్చుకుంటుంది. అలా కొన్నాళ్ళకు బేరింగు పాడవుతుందట. బయలుదేరిన పది పదిహేను మైళ్ళకు ఒకసారి ఆగి చెయ్యి పెట్టి చూడటం పడవ లాగేవాడి మొదటి అలవాటు కావాలన్నాడు.

ఆ సాయంత్రం నుంచి మేము నేర్చుకున్న మిగతావి కూడా చెబుతాను.

బండి వెనక ఉండే ఇనుప గుండుకు, ట్రెయిలరు గిన్నెకు కొలత ఒకటే ఉండాలి. రెండింటి మీదా అంకె ఉంటుంది. పెద్ద గిన్నెలో చిన్న గుండు కూర్చున్నట్టే కనిపించి, గతుకులో ఎగిరిపోతుంది. తగిలించాక ట్రెయిలరు ముందు జాకీని తిప్పి పైకెత్తితే, బండి వెనక భాగం కూడా లేవాలి. లేస్తే పట్టు పడినట్టు. గొలుసులు రెండూ ట్రెయిలరు మూతి కింద అడ్డదిడ్డంగా, ఎక్స్ ఆకారంలో తగిలించాలి. గుండు ఊడినా మూతి నేలకు తగలకుండా ఆ గొలుసుల ఉయ్యాలలో పడుతుంది.

బరువు సమంగా పడటం గురించి మన ఎడ్లబండి తోలినవాళ్ళకు చెప్పక్కరలేదు. బరువు వెనక్కి పడితే కాడి పైకి లేస్తుంది, ముందుకు పడితే ఎడ్ల మెడ విరుగుతుంది. ఇక్కడా అంతే. మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం దాకా ముందు గుండు మీద పడాలని సాధారణ సూత్రం. ట్రెయిలరు చేసినవాడు ఇంకోలా చెబితే అదే ప్రమాణం. వెనక బరువెక్కువైతే ట్రెయిలరు ఊగుతుంది. అందుకే పడవలో వెనక సీట్ల కింద సామాను కుక్కకూడదు. బరువు తొట్లలో నీళ్ళు ఒక్క చుక్క మిగలకూడదు. ఆ తొట్లు నిండితే ఇంకో 900 కిలోలు.

పడవ అడుగున నీళ్ళు పోయే బిరడా ఒకటుంటుంది. రోడ్డు మీద అది తీసి ఉండాలి, చెరువులోకి దింపే ముందు బిగించాలి. టెక్సాస్‌లో చెరువు నుంచి బయలుదేరే ప్రతి పడవా నీళ్ళు ఖాళీ చెయ్యాలన్న నిబంధన 2014 జూలై నుంచి రాష్ట్రమంతా ఉంది. 2009లో టెక్సోమా చెరువులో బయటపడిన జీబ్రా ఆల్చిప్పలు ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకు ఆ నీళ్ళలోనే ప్రయాణం చేస్తాయి.

బ్రేకుల సంగతి. అక్కడ 4,500 పౌండ్లు దాటిన ట్రెయిలరుకు సొంత బ్రేకులు ఉండి తీరాలి. పడవల ట్రెయిలర్లకు ఎక్కువగా తోపుడు బ్రేకులుంటాయి. ముందు బండి నెమ్మదిస్తే ట్రెయిలరు దాన్ని నెడుతుంది. ఆ నెట్టుడే నూనెను తోసి చక్రాలను పట్టేలా చేస్తుంది. నూనె ఎండిపోయి ఉంటే డ్రైవరుకు తెలిసేది ఆగవలసి వచ్చినప్పుడే.

ఇందులో నన్ను ఆలోచింపజేసింది ఒకటుంది. 1993 సెప్టెంబరు 1న గాని, ఆ తరువాత గాని పుట్టినవాళ్ళు ఇలాంటి పడవ నడపాలంటే టెక్సాస్‌లో శిక్షణ పొంది సర్టిఫికెట్టు తీసుకోవాలి. 1995లో పుట్టిన మా వాడు బుద్ధిగా చదివి పాసయ్యాడు. కాని మూడు టన్నుల ఆ పడవను హైవే మీద లాగడానికి మామూలు కారు లైసెన్సు సరిపోయింది. నీళ్ళ మీద పోవడానికి పరీక్ష ఉంది, రోడ్డు మీద లాగడానికి లేదు. ఆ పరీక్ష మనకు మనమే పెట్టుకోవాలి.

కనుక నా లెక్క ఇది. ఎంత ధరకు పాత పడవ కొన్నా, అందులో పదో వంతు ముందే పక్కన పెట్టండి. మన బ్యాంకు భాషలో మార్జిన్ మనీ అనుకోండి. ఆ డబ్బుతో టైర్లు, బేరింగులు, బ్రేకులు, దీపాలు, సరిపోయే స్పానరు అన్నీ సమకూర్చుకున్నాకే పడవను అమ్మేవాడి ఇంటి ముందు నుంచి కదపండి. ట్రెయిలరు పడవతో ఉచితంగా వచ్చే సంచీ కాదు. మీ పిల్లలూ, వెనక కారులోని వాళ్ళూ దాని మీదే ఆధారపడి ఉన్నారు.

మా వాడు ఇప్పుడు చెరువుకు బయలుదేరినప్పుడల్లా దారిలో ఆగి ఫోను చేస్తాడు. మాకు అప్పటికి అర్ధరాత్రి దాటుతుంది. ‘‘నాలుగూ చల్లగానే ఉన్నాయి నాన్నా, పడుకో’’ అంటాడు. పడుకుంటాను.

వచ్చే సంచికలో లాకరు నామినేషన్ గురించి ముచ్చటించుకుందాం.