కుక్కను తెచ్చుకునే ముందు మన ఎండల్ని తలచుకోండి



ఫ్లాట్‌లో పెంచుకోవడానికి అనువైన చిన్న కుక్కలంటూ ఆదివారం అనుబంధంలో మీరు వేసిన వ్యాసం చదివాను. పగ్, షిట్జు, చివావా... కొద్ది చోటు చాలు, తిండి ఖర్చు తక్కువ అని రాశారు. మన ఎండల ఊసే లేదు. కుక్క ఎత్తూ బరువూ తర్వాత సంగతి, ముందు దాని ముక్కు చూడాలని నా వాదన.

కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక బయటపెట్టి రొప్పుతూ ఒంట్లోని వేడిని తగ్గించుకుంటుంది. పగ్‌కి మూతి లోపలికి నొక్కుకుపోయి ఉంటుంది. చాలావాటికి ముక్కు రంధ్రాలు సన్నం, అంగిలి వెనకభాగం గొంతుకు అడ్డంపడేంత పొడవు. ఎంత రొప్పినా గాలి సరిగా ఆడదు. మా అపార్ట్‌మెంట్‌లో ఒక పగ్ ఉంది. మే నెలలో పొద్దుగూకాక కిందికి తెచ్చినా, గేటు దాకా వచ్చేసరికి గుర్రుగుర్రుమంటూ సిమెంటు నేలకు పొట్ట ఆనించి చతికిలబడుతుంది. గురక పెడుతోందని పిల్లలు ముచ్చటపడతారు, పాపం దానికేమో ఊపిరాడక ఆ చప్పుడు! రెంటచింతల, రామగుండం లాంటి చోట్ల ఎండ 45 డిగ్రీలు దాటిన రోజు కరెంటు పోతే దాని గతేమిటి?

2003లో వచ్చిన హచ్ ఫోన్ ప్రకటనలో పిల్లాడి వెంట తిరిగిన పగ్‌ని చూసి దేశమంతా మోజుపడింది. అటు చల్లటి నెదర్లాండ్స్‌లోనేమో, మూతి మరీ పొట్టిగా ఉన్న కుక్కలతో పిల్లల్ని పెట్టించడంపై 2019లో ఆంక్షలు బిగించారు.

చిన్నవైనంత మాత్రాన మిగతా జాతులూ తేలిక కాదు. షిట్జు బొచ్చు పెంచితే రోజూ దువ్వాలి, లేకపోతే ఉండలు కడుతుంది. చివావా ఎముకలు సున్నితం, పసిపిల్లలు ఎత్తుకుని జారవిడిస్తే కాలు విరగొచ్చు. డాక్స్‌హండ్‌కి నడుము పొడవు, సోఫాల మీంచి దూకితే వెన్నుకు ముప్పు. బీగిల్ పుట్టుకతో వేటకుక్క, అందరూ ఆఫీసులకు వెళ్లిపోతే ఊళపెట్టి పక్కింటివాళ్లతో తగువు తెస్తుంది.

మరి ఏది మేలు? మనవాళ్లు పామేరియన్ అని పిలుచుకునే ఇండియన్ స్పిట్జ్ ఉంది. కోసు మూతి, మన వాతావరణానికి అలవాటుపడ్డ ఒళ్లు. మొరగడం కాస్త ఎక్కువ, పిల్లగా ఉన్నప్పుడే అదుపు నేర్పాలి. అంతకంటే నయం మన నాటు కుక్క. పెద్దయ్యాక ఎంత ఎదుగుతుందో తెలియదని జంకేవాళ్లు, ఏడాది దాటినదాన్ని దత్తత తీసుకోవచ్చు. సైజూ స్వభావమూ అప్పటికే తెలిసిపోతాయి. పొద్దునా సాయంత్రమూ నడిపిస్తే ఫ్లాట్‌లో హాయిగా ఉంటుంది.

ఇప్పటికే పగ్ ఉన్నవాళ్లను దాన్ని వదిలించుకోమని అనడం లేదు. ఒళ్లు పెరగనివ్వకండి, తెల్లవారకముందే నడిపించండి, మెడపట్టీ తీసేసి ఛాతీకి కట్టే పట్టీ వాడండి. కొత్తగా కొనేవాళ్లు తల్లి కుక్కను చూపించమని అడగండి. 2017 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లల్ని అమ్మకూడదు, పెంపకందారు రాష్ట్ర జంతు సంక్షేమ మండలిలో నమోదై ఉండాలి.

ఇకమీదట ఇలాంటి వ్యాసాల్లో జాతి పేరు పక్కన బరువు వేసినట్టే, అది ఎండకు ఏమాత్రం తట్టుకుంటుందో కూడా ఒక పశువైద్యుణ్ని అడిగి వేయండి. మీ మాట నమ్మి కుక్కను తెచ్చుకునేవాళ్లు ఉంటారు.

– ఒక పాఠకురాలు, విజయవాడ