తండ్రికి సెలవు హక్కుగా నుండవలెనా?

గత సంవత్సరము ఓరుగల్లులో మేమెఱిగిన యిద్దరు ఉపాధ్యాయుల యిండ్లలో ఒక్క మాసముననే శిశువులు జన్మించిరి. ఒకరు ప్రభుత్వ పాఠశాలలోను, రెండవవారు ప్రైవేటు పాఠశాలలోను పనిచేయువారు. మొదటివారు దరఖాస్తు వ్రాసి యిచ్చి పదునైదు దినములు భార్యచెంత నుండిరి. రెండవవారు బతిమాలి రెండు దినములు సంపాదించి, మూడవనాడు బడికి వచ్చి తరగతిలో కునికిపాట్లు పడిరి. ఈ భేదము మనుష్యుల మనస్సులలో లేదు, కాగితమున నున్నది.

ఏమనగా, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2005వ సంవత్సరమున వివాహితులైన పురుషోద్యోగులకు 15 దినముల పితృత్వపు సెలవు నొసగెను. ఇద్దరు బిడ్డలకు లోబడిన కేంద్రోద్యోగులకును అన్ని దినములే కలవు. ఇతరుల సంగతి వేరు. 1961వ సంవత్సరపు ప్రసూతి ప్రయోజన చట్టమును 2017లో సవరించి తల్లికి 12 వారముల సెలవును 26 వారములు చేసిరి. తండ్రి మాటయే యెత్తలేదు. ఆ యేటనే శ్రీ రాజీవ్ సాతవ్ గారు లోక్‌సభలో ప్రవేశపెట్టిన పితృత్వ ప్రయోజన బిల్లు చట్టము కాలేదు. 2020 నాటి సామాజిక భద్రతా స్మృతియందును తండ్రికి చోటు దొరకలేదు.

“తొలికాన్పు తల్లిగారింట జరుగును, అల్లునికి అక్కడ పనియేమి?” అని పెద్దలందురు. ఇందు కొంత సత్యము కలదు. అయితే మలికాన్పు సంగతి వారు చెప్పరు. మా రెండవ బిడ్డ పుట్టునప్పటికి మా అత్తగారు గతించియుండిరి. మా తల్లిగారు మోకాళ్ల నొప్పులచే లేవలేకుండిరి. మూడేండ్ల పెద్దబిడ్డ తల్లి కొంగు విడువదు. ఆపరేషను చేసి బిడ్డను తీసిన వైద్యురాలు, బాలింత బిందె యెత్తరాదనెను. ఆనాడు మేము పనిచేయుచుండిన చోట సెలవడుగబోగా, “కన్నది మీరా, సారూ?” అని యొకరు పరిహసించిరి. అందరును నవ్విరి, మేమును నవ్వితిమి. మూడు దినములకే తిరిగి పనికి పోతిమి. బిందె పొరుగింటి యమ్మ యెత్తినది.

ఇది మా యొక్కరి కథ కాదు. 2019-21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము తెలంగాణలో నూటికి అరువదికి పైగా కాన్పులు ఆపరేషను వలననే జరిగినవి. అన్ని యిండ్లలోను పొరుగింటి యమ్మ యుండునా? హక్కు గలవానిని చూచి యెవరును నవ్వరు. మేము చట్టము కావలెననుటకు ముఖ్యకారణ మిదియే.

కొందరు ఆ దినములు పేకాటలో గడుపుదురు, నిజమే. ఇంట కూర్చున్న మగవాడు రెండవ పసిబిడ్డ యని మా యింటివారే యందురు! చిన్న యజమానులు భారము మోయలేరనుటయు నిజమే. కాని కార్మిక రాజ్య భీమా పథకము క్రింద, యజమానియు పనివారును కట్టిన చందాల నిధినుండి తల్లికి ప్రసూతి వేతనము చెల్లుచున్నది. తండ్రికిని అట్టి నిధినుండియే యీయవచ్చును.

ఇక ఏనుమాముల మార్కెట్టులో బస్తాలు మోయు హమాలీకి ఏ సెలవు చట్టమును అందదు. 2017లో ఆరంభమైన కె.సి.ఆర్. కిట్ పథకమున తల్లికి కూలినష్టము క్రింద మగశిశువైన 12,000, ఆడశిశువైన 13,000 రూపాయలు నిర్ణయించిరి. తండ్రి కోల్పోవు కూలికిని అటువంటి యేర్పాటు కావలెను. మన విద్యార్థుల తండ్రులలో అట్టివారు పెక్కురు గలరు. వారు తమ యభిప్రాయమును బిడ్డలచే వ్రాయించి పంపినచో, రాబోవు సంచికలో ప్రకటింతుము.