పాదలేపపు యాత్రలు

సఫారీ అన్న మాట వినగానే మన బోటివారికి రెండు విషయాలు స్ఫురిస్తాయి. మొదటిది, 1980లలో తనిఖీ రోజున ప్రధానోపాధ్యాయులు తొడుక్కొని వచ్చే నాలుగు జేబుల జత. రెండవది, మనకు అందని ఏదో లక్షాధికారుల వినోదం. నిజానికి ఆ మాటకు ఈ రెండింటితోనూ సంబంధం లేదు. అది తూర్పు ఆఫ్రికాలోని స్వాహిలీ భాషాపదం. దాని మూలం అరబ్బీలోని సఫర్. నిజాం కాలంలో ఉర్దూ మాధ్యమంలో చదువుకున్న మా తండ్రిగారి తరానికి సఫర్ అంటే ప్రయాణమని ఎవరూ చెప్పనక్కరలేదు. ప్రయాణమన్న ఇంత మామూలు మాటను పట్టుకొని, ఇది మీ వల్ల కాదు, డబ్బు మా చేతిలో పెట్టండి, మేము తీసుకుపోతాము అని అమ్ముకుంటున్నవారి మీదా, ఆ మాట నమ్మి సంతకం పెడుతున్న నా తోటి విశ్రాంత ఉపాధ్యాయుల మీదా ఈ టపా. ఎవరికైనా కోపం వస్తే వ్యాఖ్యలో తిట్టవచ్చు. సంధి దోషాలు లేకుండా తిట్టండి, అంతే చాలు.

మనుచరిత్ర చదివినవారికి పాదలేపం గుర్తుండే ఉంటుంది. ప్రవరునికి తీర్థాలు చూడాలని కోరిక మెండు. సిద్ధుడు వచ్చి కాళ్ళకు ఒక పసరు పూశాడు. క్షణంలో హిమాలయం చేరాడు. మంచుకు ఆ పసరు కాస్తా కరిగిపోయేసరికి, తాను ఏ దారిన వచ్చాడో, ఏ దారిన పోవాలో తెలియక దిక్కులు చూశాడు. పిల్లలకు ముప్పయి ఏళ్ళకు పైగా ఈ ఘట్టం చెప్పాను. అక్కడ వరూధిని గురించే అందరూ మాట్లాడుతారు గాని, నాకు మాత్రం ఆ పసరు గురించే ఆలోచన. దారి తెలియకుండా చేరినవాడు చేరిన చోటును కూడా ఎరుగడు. నేటి ప్యాకేజీ టూరు అచ్చంగా ఆ పాదలేపమే. తేడా ఒక్కటే. సిద్ధుడు డబ్బు తీసుకోలేదు.

మా పాఠశాలలో పనిచేసిన హిందీ సారు, వారి శ్రీమతి అటువంటి లేపం పూయించుకొని దక్షిణాఫ్రికా వెళ్ళి వచ్చారు. గ్రాట్యుటీ సొమ్ములో పెద్ద భాగమే పెట్టారు. ఆ టూరు సంస్థ పేరు ఇక్కడ అనవసరం. అందరి కాగితమూ ఒకే అచ్చు. ఆ కాగితం నేను చదివాను. పన్నెండు రోజులు. అందులో విమానాలలో, విమానాశ్రయాలలో మూడు, బజార్లలో రెండు, కేప్‌టౌన్ కొండ ఒకటి, సన్ సిటీ అనే జూదశాలల ఊరు ఒకటి, మిగిలినవి బస్సులో. ఇన్నిటి మధ్యన గేమ్ డ్రైవ్ అని ఒక్క మధ్యాహ్నం, మూడు గంటలు. జంతువులు నీడలో పడుకొనే వేళలో వీరిని జీపెక్కించారు. తెలుగు భోజనం గ్యారంటీ అన్నారు. ఆ భోజన సమయానికి అందుకోవాలని మూడు గంటలనూ రెండున్నర చేశారు. తిరిగి వచ్చిన సారును అడిగితే, "ఏమున్నదండీ అక్కడ, అంతా ఎండిన గడ్డే గద" అన్నారు. ఆ మాట విన్నప్పుడు నాకు కలిగిన బాధ ఆయన డబ్బు పోయినందుకు కాదు. ఒక ఖండాన్ని ఎండుగడ్డి అని నమ్మించి ఇంటికి పంపారే, అందుకు.

ఆయన వెళ్ళిన దేశానికే మేము నలుగురము, అనగా నేను, మా ఇంటావిడ, లెక్కల సారు, వారి శ్రీమతి, మరుసటి సంవత్సరం జూన్‌లో ఎవరి లేపమూ లేకుండా వెళ్ళి వచ్చాము. పదహారు రోజులు. అందులో పది రోజులు అడవిలోనే. మనిషికి అయిన ఖర్చు హిందీ సారు కట్టినదానికంటె తక్కువే. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు. "మన వల్ల అవుతుందా" అన్న ప్రశ్నకు జవాబుగా చెబుతున్నాను. ఆ ప్రశ్న వెనుక ఉన్న భయాలు ఒక్కొక్కటే తీసి చూడండి, వాటిలో సగం పొట్టే.

బండి నడపడమెట్లా అంటారు. దక్షిణాఫ్రికాలో మనవలెనే ఎడమ పక్కన నడుపుతారు. మన లైసెన్సు కార్డు ఇంగ్లీషులోనే అచ్చవుతుంది గనుక అక్కడ చెల్లుతుంది. అయినా ఆర్టీయే కార్యాలయంలో అంతర్జాతీయ పర్మిటు తీసుకొని వెంట ఉంచుకోవడం మంచిది. గేరు బండి అద్దె తక్కువ, గేరు లేనిదానికి ఎక్కువ. గేర్లు మార్చడం మనకేమైనా కొత్తా? కొన్ని అద్దె సంస్థలు డ్రైవరు వయసుకు పైహద్దు పెడతాయి, అది ముందే అడగాలి. క్రెడిట్ కార్డు నడిపేవారి పేరిటనే ఉండాలి, దాని మీద కొంత సొమ్ము పూచీకత్తుగా ఆపి ఉంచుతారు. సిగ్నలు లేని కూడలిలో నాలుగు వైపులా ఆగుమని ఉంటే, ముందు వచ్చి ఆగినవాడు ముందు పోతాడు. గజ్వేల్ చౌరస్తాలో బండి నడిపినవారికి ఈ నియమం మొదట వింతగా తోస్తుంది, రెండవ రోజుకు ముచ్చటగా తోస్తుంది.

అడవిలో నడపాలంటే పెద్ద జీపు కావాలంటారు. అక్కరలేదు. క్రూగర్ జాతీయవనం 1926లో ఏర్పడింది. ఉత్తర దక్షిణాలుగా సుమారు 360 కిలోమీటర్ల పొడవు, మా సిద్దిపేట జిల్లాలు ఐదు అందులో ఇముడుతాయి. లోపల ప్రధాన మార్గాలన్నీ తారురోడ్లు, మిగిలినవి చదునైన మట్టిరోడ్లు. చిన్న కారు చాలు. తారు మీద గంటకు యాభై, మట్టి మీద నలభై కిలోమీటర్లు మించరాదు. నియమిత స్థలాలలో తప్ప కారు దిగరాదు. జూన్‌లో ఉదయం ఆరింటికి ద్వారం తీస్తారు, సాయంత్రం ఐదున్నరకు మూస్తారు. ఆ వేళకు విడిదికి చేరని వారికి జరిమానా. ఇంతే శాస్త్రం. మన అమ్రాబాద్‌లోనో కవ్వాల్‌లోనో పులుల అడవి చూడాలంటే వారి బండి, వారి మనిషి, వారి సమయం. అక్కడ నీ బండి, నీ కళ్ళు, నీ ఓపిక. ఒక నీటిమడుగు దగ్గర ఇంజను ఆపి రెండు గంటలు కూర్చుంటే పొమ్మనేవారు లేరు. మేము కూర్చున్నాము. మొదటి గంటలో ఏమీ రాలేదు. రెండవ గంటలో ఏనుగుల మంద వచ్చింది, వెనుకనే జిరాఫీలు, వాటి వెనుక చారల గుర్రాలు. జూన్ అక్కడ చలికాలం, వానలుండవు; గడ్డి ఎండి తగ్గుతుంది గనుక చూపు ఆనుతుంది, నీళ్ళు ఉన్నచోటికే జంతువులు చేరుతాయి. హిందీ సారు చూసి పెదవి విరిచిన ఎండుగడ్డి, ఓపికతో కూర్చున్నవాడికి వరమన్నమాట.

భోజనం సంగతి. శాకాహారులం, ఏం తింటామని కదా అందరి బెంగ! క్రూగర్ లోపల స్కుకూజా, లోయర్ సాబీ, సతారా, ఒలిఫాంట్స్, లెటాబా వంటి ప్రభుత్వ విడిదులు ఉన్నాయి. కుటీరాలలో చాలావాటికి పొయ్యి, ఫ్రిజ్, గిన్నెలు ఇస్తారు; చౌక గదులకు ఉమ్మడి వంటశాల. డర్బన్‌లో కందిపప్పు దొరుకుతుంది, దానిని అక్కడివారు ఆయిల్ ధాల్ అంటారు. బియ్యం, చింతపండు, మిరపకాయలు, అన్నీ కొనుక్కున్నాము. చుట్టూ కంచె, కంచెకవతల హయీనాల కూత, ఇవతల మా ఇంటావిడ పప్పుచారు. తెలుగు భోజనం గ్యారంటీ అని ఎవరూ మాకు కాగితం రాసివ్వలేదు.

భయాలలో గింజ ఉన్నవి కూడా చెప్పాలి. దొంగతనాల భయం నిజమైనదే. జోహన్నెస్‌బర్గు వంటి నగరాలలో చీకటి పడ్డాక బండి నడపరాదు. సిగ్నలు దగ్గర అద్దాలు దించరాదు. సీటు మీద సంచి కనపడరాదు. ఊరికీ ఊరికీ మధ్య ప్రయాణం పగటి పూటే ముగియాలి. మేము రోజుకు నాలుగైదు గంటలకు మించి ప్రయాణం పెట్టుకోలేదు. క్రూగర్ మలేరియా ప్రాంతం. చలికాలంలో దోమ తక్కువైనా వైద్యుని అడిగి మందు వేసుకోవాలి. హైదరాబాదు నుండి జోహన్నెస్‌బర్గుకు నేరు విమానం లేదు. అడిస్ అబాబా, నైరోబీల మీదుగా పోయేవారు అక్కడ ఎన్ని గంటలు ఆగుతారో చూసుకోవాలి, పచ్చజ్వరం టీకా పత్రం పేచీ వస్తుంది. మ్యాపులో దగ్గరగా కనిపిస్తున్నదని ఎస్వాతిని దేశం గుండా పోదామని లెక్కల సారు పట్టుబట్టారు. ఒకసారి దాటి పోతే తిరిగి దక్షిణాఫ్రికాలో అడుగు పెట్టడానికి ఒక్కమారు ప్రవేశించే వీసా పనికిరాదు; అద్దెకారు సరిహద్దు దాటాలంటే వేరే అనుమతి పత్రం కావాలి. అందుకని పొంగోలా, ఎర్మెలోల మీదుగా చుట్టు తిరిగి ఎంబొంబెలా చేరాము.

ఖర్చు తక్కువ అన్నాను గాని, చౌక అనలేదు. విమానం టికెట్టే సగం మింగుతుంది. విదేశీయులకు క్రూగర్ రుసుము రోజుకు ఆరు వందల ర్యాండ్ల దరిదాపు, ర్యాండు మన ఐదు రూపాయలకు అటూ ఇటూ. స్థానికులు కట్టేది అందులో నాలుగో వంతు. ఇది అన్యాయమని ఒక మిత్రుడు వాదించాడు. తాజ్‌మహల్ దగ్గర మనం విదేశీయుల నుండి ఎన్ని రెట్లు తీసుకుంటున్నామో చూసి వాదించమన్నాను. ఆదా అయ్యేది ఎక్కడంటే, నలుగురికి ఒక కారు, సొంత వంట, ముందుగా పట్టుకున్న ప్రభుత్వ కుటీరం. దాదాపు పదకొండు నెలల ముందే గదులు తెరుస్తారు. ఆలస్యం చేసినవారికి మిగిలేవి ఖరీదైనవే. క్రూగర్‌కు పడమర పక్కన సాబీ సాండ్ అని ధనికుల ప్రైవేటు అడవి ఉన్నది. ఒక రాత్రికి అక్కడ తీసుకొనేది మా వంటివారి నెల పింఛనును మించవచ్చు. ఆ రెండింటి మధ్య కంచెను 1993లో తీసివేశారు. కాబట్టి అక్కడి సింహమే ఇక్కడికీ వస్తుంది. దానికి గది అద్దె తేడా తెలియదు.

ఇంతవరకూ డబ్బు మాట. నా అసలు కోపం వేరు. ప్యాకేజీ బస్సు డర్బన్‌కు పోదు, పోయినా సముద్రపు ఒడ్డున ఆగి తిరుగుతుంది. 1860 నవంబరు 16న మద్రాసు నుండి ట్రూరో అనే ఓడ డర్బన్ చేరింది. అది మొదలు 1911 వరకు సుమారు లక్షా యాభై రెండు వేలమంది భారతీయులు ఐదేళ్ళ ఒప్పందపు కూలీలుగా నటాల్ చేరారు. మద్రాసు ఓడలెక్కినవారిలో తమిళులతో పాటు మన తెలుగువారు వేల సంఖ్యలో ఉన్నారు. 1931లో వారి సంతతివారు ఆంధ్ర మహాసభ స్థాపించుకున్నారు. డర్బన్ నుండి ఉత్తరానికి, హ్లుహ్లువే అడవికి పోయే రహదారి మౌంట్ ఎజ్‌కోంబ్, టోంగాట్‌ల పక్కగానే పోతుంది. అది మనవాళ్ళు వీపులు వంచిన చెరకు సీమ. టోంగాట్‌లో ఒక గుడి దగ్గర ఒక వృద్ధురాలు మమ్మల్ని ఏ ఊరివారని ఇంగ్లీషులో అడిగింది. తెలుగు వచ్చునా అంటే, నీళ్ళు, బువ్వ, దండం, అవ్వ అని నాలుగు మాటలు లెక్కపెట్టి చెప్పి ఆగిపోయింది. వ్యాకరణం చెప్పి బ్రతికినవాడిని, నాకు ఆ నాలుగు మాటలలో విభక్తి ఒక్కటి కూడా వినిపించలేదు. ఏమీ అనలేక దండం పెట్టాను. ఈ ఊరు మా కాగితంలో ఉన్నది గనుక ఆగాము. అమ్మిన కాగితంలో ఉండదు. ఎందుకుంటుంది, అక్కడ కొనడానికి ఏముంది?

ఆ దారిన ఇంకా పోతే హ్లుహ్లువే-ఇంఫొలోజీ. 1895 నాటి రక్షితవనం. పందొమ్మిదవ శతాబ్దాంతానికి దక్షిణపు తెల్ల ఖడ్గమృగాలు వందకు లోపే మిగిలాయి, మిగిలినవి ఇక్కడివే. నేటి సంతతి అంతా వాటిదే. మాకు తల్లీపిల్లా కనిపించాయి.

అడవిని పొగడడంతో ఆపితే నేనూ కరపత్రం రాసినవాడినవుతాను. ఈ వనాలు ఖాళీ నేల మీద మొలవలేదు. క్రూగర్ మొదటి అధికారి స్టీవెన్‌సన్-హామిల్టన్‌కు అక్కడి ప్రజలు పెట్టిన పేరు స్కుకూజా. ఊడ్చివేసినవాడు అని అర్థం చెబుతారు. ఇవాళ పెద్ద విడిదికి ఆ పేరే ఉన్నది. ఉత్తరపు కొసన, పఫూరి ప్రాంతంలో మకులేకే ప్రజలను 1969లో ఊళ్ళు విడిపించి వెళ్ళగొట్టారు. వర్ణవివక్ష పాలన పోయాక దావా వేసి 1998లో భూమి హక్కు తిరిగి సంపాదించుకున్నారు, అడవిని అడవిగానే ఉంచుతామన్న ఒప్పందంతో. మర్కూక్ నుండి వెళ్ళినవాడు ఇది చదివి ఊరక ఉండలేడు. మా పక్కన కొండపోచమ్మ సాగరం 2020 మే 29న నిండడం మొదలైంది. బహిలంపూర్, మామిడ్యాల, తానేదార్‌పల్లి ఆ నీటి అడుగున ఉన్నాయి. నా శిష్యులు కొందరు ఆ ఊళ్ళవారే. ఆదివారం నాడు నగరం నుండి కార్లలో వచ్చి కట్ట మీద ఫోటోలు దిగి పోయేవారికి ఆ పేర్లు తెలియవు. చూడదగిన చోటుకు పోవడం తప్పు కాదు, ఎవరి చోటో అడగకుండా తిరిగి రావడమే నాకు మింగుడుపడనిది. అడగాలంటే ముందు మన దారి మనం వేసుకొని ఉండాలి. లేపం పూసుకున్నవాడికి అడిగే వ్యవధి ఏది?

ఇక మనలో మనకు ఒక తగవు. తెలుగులో యాత్రలు రాసేవారు మంచు కరిగింది, మనసు కరిగింది అని పుటలు నింపుతారు గాని, ఏ ఊరిలో ఎంతకు బస చేశారో రాయరు. అడిగితే డబ్బు ప్రసక్తి సాహిత్యం కాదంటారు. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో మద్రాసు నుండి బయలుదేరి, హైదరాబాదు మీదుగా కాశీకి పోయి 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చారు. 1838లో అచ్చయిన ఆ కాశీయాత్ర చరిత్రలో మజిలీకి మజిలీకి దూరం, దారి మంచిదా చెడ్డదా, నీళ్ళున్నాయా, అంగళ్ళున్నాయా, అన్నీ ఉన్నాయి. ఆయన వెంట పెద్ద పరివారమే ఉన్నది, మన పింఛను బతుకు కాదు. అయినా తరువాత వచ్చేవాడు మోసపోకూడదని రాసిపెట్టారు. ఆ లెక్కలే లేకుంటే ఆ గ్రంథం మనకు దేనికి?

కనుక మిత్రులారా, మీలో ఎవరు ఎక్కడికి పోయివచ్చినా, అది ఆఫ్రికా కానీయండి, అహోబిలం కానీయండి, ఖర్చుతో సహా రాయండి. మా నలుగురి పద్దు పుస్తకం లెక్కల సారు దగ్గర ఉన్నది. పైసలతో సహా రాసిన మనిషి. వచ్చే టపాలో దానిని యథాతథంగా ఎక్కిస్తాను. హిందీ సారు కూడా తమ కాగితం ఇస్తామన్నారు, పక్కపక్కన పెట్టమని.