గాజుతొట్టెలో సముద్రం: నిదానమే ప్రధానం

ప్రవాసాంధ్రుల ఇళ్ళలో కొన్నింట ఉప్పునీటి అక్వేరియం కనబడుతుంది. పిల్లల ముచ్చట కోసం క్లౌన్ చేపలు, ఒకటి రెండు పవడాలు, నాలుగు రాళ్ళతో ఆ గాజుతొట్టె కొలువుదీరుతుంది. మొదటి చేప ఒంటిమీద ఉప్పు చల్లినట్లు తెల్లని చుక్కలు పొడసూపిన నాడు ఆ ముచ్చట ఆందోళనగా మారుతుంది. వెంటనే దుకాణం నుండి ఒక మందు సీసా తెచ్చి తొట్టెలో ఒంపడం పరిపాటి. ఆలస్యం అమృతం విషం అన్న లోకోక్తి ఇక్కడ తలక్రిందులవుతుంది. ఇక్కడ విషమయ్యేది తొందరపాటే.

ఈ తెల్లచుక్కల వ్యాధికి కారణం క్రిప్టోకారియాన్ ఇరిటాన్స్ అనే ఏకకణ పరాన్నజీవి. 1990 దశకం మధ్యలో కోస్తా ఆంధ్రలోని రొయ్యల చెరువులను దెబ్బతీసిన తెల్లమచ్చ వ్యాధి వైరస్ వలన కలిగినది; ఇది వేరు. ఈ జీవి చేప చర్మంలోను, మొప్పలలోను కొద్దిరోజులు పెరిగి, రాలిపడి, రాళ్ళకు, ఇసుకకు అంటుకుని గట్టి కోశం కట్టుకుంటుంది. ఒక్కొక్క కోశం నుండి వందల సంఖ్యలో పిల్లజీవులు వెలువడి మరల చేపలను వెదుకుతాయి. మందు పనిచేసేది ఈ ఈదాడే దశపైననే. చర్మం లోపలి దానిని గాని, కోశంలోని దానిని గాని అది తాకలేదు. కనుకనే చుక్కలు రాలిపోగానే రోగం నయమైనదనుకోవడం భ్రమ. అది రెండవ దండయాత్రకు ముందటి విరామం మాత్రమే.

దీనికి వాడే మందులలో ప్రధానమైనది రాగి. రాగిచెంబులో నిలువ ఉంచిన నీరు ఆరోగ్యమని నమ్మే మన ఇళ్ళలో రాగి అంటే భయం ఉండదు. కాని లీటరు నీటికి 0.15 నుండి 0.20 మిల్లీగ్రాముల రాగి అయాన్లు ఈ పరాన్నజీవిని చంపుతాయి. అదే మోతాదు రొయ్యలకు, నత్తలకు, పవడాలకు కూడ ప్రాణాంతకం. పైగా తొట్టెలోని రాళ్ళు, ఇసుక కాల్షియం కార్బొనేటుతో ఏర్పడినవి గనుక రాగిని పీల్చుకుంటాయి. నీటిలో మోతాదు పడిపోతుంది. యజమాని మరికొంత పోస్తాడు. రాతిలో చేరినదానిని పూర్తిగా తొలగించడం దుస్సాధ్యం. చేపను కాపాడబోయి తొట్టెనే పోగొట్టుకోవడమంటే ఇదే.

సరియైన మార్గం ఒకటే. రాళ్ళు, ఇసుక లేని చిన్న తొట్టె ఒకటి వేరుగా ఉంచుకొని, చేపలన్నింటినీ అందులోనికి మార్చి, రోజూ రాగిని కొలుస్తూ చికిత్స చేయాలి. పెద్ద తొట్టెను 10, 11 వారాలు చేపలు లేకుండ ఉంచాలి. కొన్ని కోశాలు పగలడానికి 72 రోజుల వరకు పట్టవచ్చునని పరిశోధనలు తెలుపుతున్నాయి. చేప దొరకని పిల్లజీవి ఒకటి రెండు రోజులలోనే నశిస్తుంది. కొత్త చేపను కూడ కొన్ని వారాలు చిన్న తొట్టెలో పరిశీలించిన పిమ్మటనే పెద్దదానిలోనికి విడువాలి. పరీక్షించని పిల్లను చెరువులో వేయరాదన్న పాఠాన్ని కోస్తా రైతు ఎంతో మూల్యం చెల్లించి నేర్చుకున్నాడు. గాజుతొట్టె యజమానికి ఆ పాఠం ఉచితంగానే లభిస్తున్నది.

రెండవ బాధ ఐప్టేసియా అనే చిన్న సముద్ర ఎనిమొనీ. రాతితో బాటు వచ్చి చేరే ఈ గోధుమరంగు జీవిని పిల్లలు నీమో ఇల్లని మురిసిపోతారు. కాని అది పవడాలను కుట్టి చంపే శత్రువు. దానిని గోటితో గిల్లినా, కత్తితో గీకినా రాతిపై మిగిలిన చిన్న తునక నుండి మరొకటి పుడుతుంది. రక్తబీజుని కథ ఇక్కడ అక్షరాలా నిజం. చిక్కని సున్నపు ముద్దను, అనగా కాల్షియం హైడ్రాక్సైడును, పంపులు ఆపి, దాని నోటిపై సిరంజితో వదలడం ఒక ఉపాయం. తాంబూలపు సున్నమూ ఇదీ రసాయనికంగా ఒకటే; అయినను అక్వేరియం కొరకు అమ్మే శుద్ధమైన పొడినే వాడాలి. చేతికి తొడుగు, కంటికి అద్దాలు తప్పనిసరి. ఒకనాడు మూడు నాలుగింటిని మించి ముట్టరాదు; లేనిచో నీటి క్షారత పెరిగి చేపలకు చేటు. బెర్ఘియా అనే సముద్రపు నత్తజాతి జీవికి ఐప్టేసియాయే ఏకైక ఆహారం. దానిని తెచ్చి వదిలితే మనిషి చేయలేని పనిని మెల్లగా, పూర్తిగా చేస్తుంది.

విసుగెత్తి రాతిని బయటకు తీసి ఉడకబెట్టేవారు కూడ లేకపోలేదు. ఇది అన్నిటికంటె ప్రమాదకరం. అటువంటి రాళ్ళపై పెరిగే కొన్ని జోయాంథిడ్ జాతులలో పాలిటాక్సిన్ అనే అతి తీవ్రమైన విషం ఉంటుంది. ఉడకబెట్టినపుడు అది ఆవిరితో ఊపిరితిత్తులకు చేరుతుంది. 2018లో ఇంగ్లండులోని స్టీవెంటన్ గ్రామంలో తొట్టె శుభ్రం చేయబోయిన ఒక కుటుంబం ఈ విషానికి గురియై ఆసుపత్రి పాలయింది. సహాయానికి వెళ్ళిన అగ్నిమాపక సిబ్బందిలో కొందరికి కూడ చికిత్స అవసరమైనది. వంటగది పొయ్యిమీద పసిపిల్లల సమీపాన చేయదగిన ప్రయోగం కాదిది.

పది డాలర్ల చేపకు రెండవ తొట్టె, మూడు నెలల నిరీక్షణ దండగ కాదా అని కొందరు వాదిస్తారు. ఆ వాదన ఖర్చును చూస్తుంది గాని బాధ్యతను చూడదు. క్లౌన్ వంటి కొన్నింటిని మినహాయిస్తే, అంగడిలో అమ్మే సముద్రపు చేపలలో అధికభాగం పవడపు దిబ్బలలో పట్టి తెచ్చినవే. చచ్చిన ప్రతి చేపకు బదులు మరొక చేప సముద్రం నుండి రావలసినదే. చిన్న తొట్టెకు చోటులేని ఇంటికి పెద్ద తొట్టె కూడ తగదు.

పిల్లల సంగతి కూడ ఆలోచించవలసినదే. రోగం రాగానే సీసా ఒంపే తండ్రిని చూచి వారు ఒకటి నేర్చుకుంటారు. రోజూ కొలిచి, వ్రాసుకొని, పదకొండు వారాలు వేచి ఉండే తల్లిని చూచి మరొకటి నేర్చుకుంటారు. విజ్ఞానశాస్త్రం రెండవదానిలోనే ఉన్నది.