సంఘం సొమ్ము సంఘం పేరిటనే ఉండవలెను

పుదుచ్చేరి పట్టణపు సముద్రతీరమున గల సోలై నగర్ మత్స్యకారుల పేట. చేపలమ్మిన రొక్కములో కొంత మిగిల్చి పదిమంది స్త్రీలు ఒకచోట కూడబెట్టుకొనుట అట్టి పేటలలో క్రొత్త గాదు. ఆ సొమ్ము ఎవరి పేరిట ఉన్నదనునదే అసలు ప్రశ్న. ఒకరి సొంత ఖాతాలో ఉన్నంతకాలము బ్యాంకు దృష్టిలో అది ఆ ఒక్కరిదే. ఆమె ఎంత నిజాయితీపరురాలైనను, రేపు కన్నుమూసినచో వారసులతో తగవు తప్పదు. ఇంటి పెట్టెకు గల రక్షణ ఏపాటిదో 2004 డిసెంబరు 26 నాటి సునామీ ఈ తీరమునకు నేర్పినది.

1992లో నాబార్డు 500 స్వయం సహాయక సంఘములతో బ్యాంకు అనుసంధానమును ప్రయోగాత్మకముగా ప్రారంభించినది. రిజిస్టరు కాని సంఘములకును పొదుపు ఖాతా తెరువవచ్చునని రిజర్వు బ్యాంకు 1993లో అనుమతించినది. నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీల సారా వ్యతిరేక పోరాటము పొదుపు ఉద్యమమునకు ఊపిరి పోసినదియు ఆ సంవత్సరములలోనే.

నేటి నిబంధన సుస్పష్టము. స్వయం సహాయక సంఘమునకు పొదుపు ఖాతా తెరచునపుడు బాధ్యుల గుర్తింపు పత్రములు చాలును. సభ్యులందరి పరిశీలన అప్పు ఇచ్చునపుడు చేసికొనవచ్చును. అయినను అందరి కార్డులు తెండని పేదలను త్రిప్పి పంపు కౌంటర్లు లేకపోలేదు. అట్టిచోట ఫిర్యాదును వ్రాతమూలకముగా ఇచ్చి రసీదు పొందవలెను. 30 దినములలో సమాధానము రానిచో రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రుసుము లేకయే ఫిర్యాదు చేయవచ్చును.

అయితే బ్యాంకు తలుపు తెరచినంతనే మన బాధ్యత తీరదు. ఖాతా తెరచుటకు సభలో తీర్మానము చేసి మినిట్సు పుస్తకమున వ్రాయవలెను. ముగ్గురు బాధ్యులలో ఇద్దరి సంతకము లేనిదే పైకము తీయరాదు. బాధ్యులు మారిననాడే క్రొత్త తీర్మానపు నకలు బ్యాంకునకు అందజేయవలెను. లేనిచో దిగిపోయిన వారి సంతకమే చెల్లుచుండును. ప్రతి సమావేశమున పాసుపుస్తకమును బిగ్గరగా చదివి వినిపించవలెను. లెక్క దాచిన చోట అనుమానము పుట్టును. అనుమానము పుట్టిన చోట సంఘము నిలువదు.

రైల్వే, తపాలా సోదర సోదరీమణులారా! పాసుపుస్తకము, లెడ్జరు, రసీదు మనకు నిత్యకృత్యములు. కౌంటరుకు ఇవతల నిలుచున్న పేదరాలికి అవే కొండంత అడ్డంకులు. మీ పేటలోని సంఘమునకు ఒక ఆదివారము కేటాయింపుడు. తీర్మానము వ్రాయుట నేర్పుడు, బ్యాంకుకు తోడు వెళ్ళుడు. కాని సంతకము మాత్రము వారినే చేయనిండు. వారి సొమ్ముపై పెత్తనము వారిదే కావలెను.