కన్యకల యారోగ్యము: గృహస్థుల కర్తవ్యము

మన యిండ్లలో బాలిక పెద్దమనిషి యైన దినమున బంధువులకెల్ల కబురు పోవును. చిమ్మిలి పంచుదుము, పట్టుబట్టలు పెట్టుదుము, ముత్తైదువులు హారతి పట్టుదురు. కలిగినవారైనచో పందిళ్లు వేయించి, శుభలేఖలు అచ్చొత్తించి, ఊరంతటికి భోజనములు పెట్టుటయు గలదు. ఆ వేడుక ముగిసిన మరునాటినుండి యింటిలో మౌనము ప్రవేశించును. మొదటి నెలసరిని ఊరికెల్ల చాటిన తండ్రికి, పిదప నాలుగు మాసములు అది రాకపోయినను, వచ్చినది రెండు వారములు నిలువకపోయినను తెలియదు. తెలిసికొనుట మర్యాద కాదని యాతడు తలంచును. చెప్పుట సిగ్గని బిడ్డ తలంచును. ఈ మౌనమువలన మన బాలికలకు వాటిల్లుచున్న నష్టమును గూర్చి నేడు పాఠకులకు విన్నవింపదలచినాము. విషయము సుకుమారమైనదే. అట్లని తప్పించుకొన్నందువలన మేలు కలుగలేదు.

"మా కాలమున ఇట్లుండలేదు" అని తల్లులు పలుచోట్ల చెప్పుకొనుచున్నారు. బాలికలు చిన్నతనముననే పెద్దమనుషులగుచున్నారనియు, అయిన పిమ్మట నెలలు సరిగా రాకున్నవనియు వారి మాట. ఇందు నిజమెంత? స్త్రీకి ఋతుకాలము పండ్రెండవ యేట మొదలై ఏబదియవ యేటితో ముగియునని సుశ్రుతుడే చెప్పియున్నాడు. ఐరోపాలోని నార్వే దేశమున పందొమ్మిదవ శతాబ్ది నడుమ సుమారు పదునేడేండ్లకు రజస్వలలగుచుండిన బాలికలు, ఇరువదవ శతాబ్ది నడుమకు పదుమూడేండ్లకే యగుచుండిరి. అది ముఖ్యముగా తిండి మెరుగుపడుటవలనను, రోగములు తగ్గుటవలనను కలిగిన మార్పు. కావున వయస్సు కొంత తగ్గుట మాత్రమే చూచి భయపడ నక్కరలేదు.

కాని 2024వ సంవత్సరమున అమెరికాలో ప్రకటింపబడిన యొక పరిశోధన ఆలోచింపదగినది. డెబ్బదియొక్క వేలకు పైబడిన స్త్రీలు అందు తమ వృత్తాంతము చెప్పిరి. 1950-69 నడుమ పుట్టినవారు సగటున 12.5 ఏండ్లకు రజస్వలలు కాగా, 2000-05 నడుమ పుట్టినవారు 11.9 ఏండ్లకే యైరి. అంతకంటె ముఖ్యమైనది మరియొకటి: రెండేండ్లలోపల నెలసరి క్రమపడినవారు మొదటి తరమున నూటికి 76 మంది కాగా, తరువాతి తరమున 56 మంది మాత్రమే. ఇది జ్ఞాపకమును నమ్ముకొని చెప్పిన లెక్క. అందును పరదేశపు లెక్క. దానిని మన బాలికలకు యథాతథముగా అన్వయింపరాదు. అయినను తల్లుల మాట వట్టి భ్రమ కాకపోవచ్చునని యది సూచించుచున్నది.

ఈ క్రమము ఎట్లు తప్పునో తెలియవలయును. మెదడు అడుగుభాగమున హైపోథాలమస్ అను చిన్న కేంద్రము, దానికి దిగువ బఠాణీగింజంత పిట్యూటరీ గ్రంథి, పొత్తికడుపున అండాశయములు, ఈ మూడును ఒకదానికొకటి వర్తమానములు పంపుకొనుచుండును. ఆ వర్తమానములను రక్తమున మోసికొనిపోవునవే హార్మోనులు. ఈస్ట్రోజెను గర్భాశయపు లోపలి పొరను పెంచును. అండము విడుదలయైన పిదప ప్రొజెస్టెరోను ఆ పొరను నిలుకడపరచును. అండము విడుదల కాకున్నచో రెండవది పుట్టదు. పొర అదుపులేక పెరుగును. నెలసరి మాసములకొలది రాకపోవును, లేక వచ్చిన పిమ్మట ఆగదు. పూర్వవైద్యులు నష్టార్తవమనియు, అసృగ్దరమనియు పేరిడిన రెండు బాధలును తరచుగా ఈ యొక్క మూలమునుండియే పుట్టుచున్నవి.

రజస్వలయైన మొదటి యేడాది ఈ వర్తమానములు కుదురుకొనకపోవుట సహజము. అటుపిమ్మట మూడేండ్లు నిండువరకు 21 దినములనుండి 45 దినముల వ్యవధి యుండవచ్చును. మూడేండ్లు దాటినచో 21 నుండి 35. మొదటి యేడాది గడచిన పిదప ఏ యొకసారి యైనను 90 దినములు దాటినను, పదునైదేండ్లు నిండినను రజస్వల కాకున్నను, ప్రతినెల వారము దాటి రక్తము పోవుచున్నను వైద్యునికి చూపవలయును. ఈ లెక్కలు తెలిసిన తల్లి అనవసరముగా బెదరదు, అవసరమైనప్పుడు ఆలసింపదు.

కారణములలో నేడు మిక్కిలి వినబడునది పి.సి.ఓ.ఎస్. అను వ్యాధి. దీనిని 1935లో షికాగో నగర వైద్యులు స్టెయిన్, లెవెంథాల్ అనువారు ఏడుగురు స్త్రీలయందు గుర్తించి వర్ణించిరి. సంతానయోగ్యమైన వయస్సుగల స్త్రీలలో నూటికి పదిమందికి పైగా దీనితో బాధపడుచున్నారనియు, వారిలో నూటికి డెబ్బదిమంది వరకు తమకది యున్నదనియే యెరుగరనియు ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. చాలమందిలో ఇన్సులిను సరిగా పనిచేయక, రక్తమున దాని పరిమాణము పెరిగి, అండాశయములు పురుష హార్మోనులను హెచ్చుగా పుట్టించును. గడ్డమున వెంట్రుకలు, మానని మొటిమలు, మెడపై నల్లని చార దాని గురుతులు. ఇది తదుపరి చక్కెరవ్యాధికి దారితీయగలదు. బరువు కొలది హెచ్చినను ఇన్సులిను క్రమము తప్పునట్టి దేహతత్త్వము మన దేశీయులది. థైరాయిడు లోపము, మితిమీరిన ఉపవాసములు, తీరని మనోవ్యధ కూడ నెలసరిని తప్పించును.

మనము మన బాలికలను పెంచుచున్న తీరు చూడుడు. తెల్లవారక మున్నే లేపి, రాత్రి పొద్దుపోవువరకు బల్లకు అంటగట్టి చదివించు కళాశాలలు, వసతిగృహములు మన నగరములలో నెన్ని లేవు? ఆటస్థలము లేదు, నిద్ర చాలదు, తినునది పాలిషుపట్టిన తెల్లబియ్యము, నూనెలో వేగిన చిరుతిండి. ర్యాంకుల పట్టికకై తండ్రి లక్షలు కట్టును గాని, బిడ్డ దినమున నొక గంట యైనను ఎండలో నడచుచున్నదా యని యడుగడు. ఇక 2019-21 నడుమ జరిగిన ఐదవ జాతీయ కుటుంబారోగ్య సర్వేననుసరించి దేశమున 15-19 ఏండ్ల బాలికలలో నూటికి 59 మందికి రక్తహీనత గలదు. చాలని రక్తముతో నున్న బిడ్డకు ఆగని స్రావము తోడైనచో ఆమె చదువేమగును, బలమేమగును?

ఇచట నొక సంగతి నిష్పక్షపాతముగా చెప్పవలసియున్నది. పూర్వము మన యిండ్లలో స్త్రీలు మూడు దినములు మూల కూర్చుండు ఆచారముండెను. దానివలన ఎవరికెప్పుడు వచ్చినదో, ఎవరిది తప్పినదో యింటిలోని పెద్దమ్మకును నాయనమ్మకును తెలియుచుండెను. ఆ యాచారము చాల యిండ్లలో పోయినది. పోవుటయే మేలు; మైలయని యొక మనిషిని మూల కూర్చుండబెట్టుట న్యాయము కాదు. కాని ఆచారముతోపాటు లెక్కయు పోయినది. అంటును విడిచితిమి గాని సిగ్గును విడువలేదు. నేటి బాలిక అందరి నడుమ తిరుగుచునే తన బాధను ఒంటరిగా మోయుచున్నది.

తల్లికి తెలిసినను, "పెండ్లియైన అదే సర్దుకొనును" అని మాట దాటవేయుట గలదు. పెండ్లి ఔషధము కాదు. ఆ మాట నమ్మి పంపిన బిడ్డ, రెండేండ్లకు గొడ్రాలను నిందతో పుట్టింటికి వచ్చుచున్నది. ఇంటిగేదె ఒక పూట కుడితి ముట్టకున్న పశువైద్యునికై మనిషిని పరుగెత్తించు రైతు, కన్నకూతురు ఆరు మాసములుగా చిక్కిపోవుచున్నను "ఆడవారి సంగతి" యని వీథియరుగుపై కూర్చుండుట గృహస్థధర్మమగునా?

ఈ యుపేక్షకు ఫలమేమో మన రాష్ట్రములే చూపుచున్నవి. అదే సర్వేలో 15-49 ఏండ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకొన్నవారు దేశమంతట నూటికి 3.3 మంది కాగా, ఆంధ్రప్రదేశమున 8.7, తెలంగాణమున 8.2. దేశమున మరి యే పెద్ద రాష్ట్రమునకును ఇట్టి ప్రథమస్థానము కోరదగినది కాదు. తీయించుకొన్నవారిలో సగమునకు మించినవారు అధిక రక్తస్రావమునే కారణముగా చెప్పిరి. బాల్యమున లెక్కింపక, యౌవనమున మందిప్పింపక, తుదకు "పిల్లలు పుట్టిరి గదా, ఇక దానితో నేమి పని" యని కత్తికి అప్పగించుచున్నాము. అవసరమైన శస్త్రచికిత్సను మేము నిందించుట లేదు. కాని నలుబదియేండ్లు నిండకమున్నే దానికి లోనైన స్త్రీకి, అందును అండాశయములును తీసివేసినచో, ఎముకలు గుల్లబారుట, గుండెజబ్బు మున్నగునవి త్వరపడి వచ్చును. అనవసర శస్త్రచికిత్సలను అరికట్టు నిబంధనలను అమలుపరుపవలసినదిగా 2023 ఏప్రిలులో సర్వోన్నత న్యాయస్థానము రాష్ట్రముల నాదేశించినది. న్యాయస్థానము ఆసుపత్రిని అదుపు చేయగలదు. ఇంటిలోని మౌనమును మనమే మాన్పుకొనవలయును.

మరియొక ప్రక్క, హార్మోనుల పేరు చెప్పి భయపెట్టి చూర్ణములు, మాత్రలు అమ్మువారు పెరిగినారు. రజస్వలయైన ఎనిమిదేండ్లలోపు బాలికకు స్కానుమాత్రము చూచి పి.సి.ఓ.ఎస్. అని తేల్చరాదని అంతర్జాతీయ వైద్యమండలుల నిర్ణయము. ఆ వయస్సున అండాశయములు స్వభావముచేతనే అట్లు కనబడవచ్చును. వ్రతములకును పెండ్లిండ్లకును నెలసరి వాయిదావేయు మాత్రలను వైద్యుని యడుగక మందులకొట్టున కొని మ్రింగించుటయు మానదగిన యలవాటు.

చేయవలసినది కష్టసాధ్యము కాదు. రాగి, ఆకుకూర, పప్పు, గ్రుడ్డు బిడ్డ పళ్లెమున పడవలయును. దినమున నొక గంట ఆట, రాత్రి చాలినంత నిద్ర ఉండవలయును. పాఠశాలలలో వారమున కొకటి చొప్పున ఇచ్చు ఇనుపధాతువు మాత్రను పారవేయక మ్రింగవలయును. ఆటస్థలము లేని కళాశాలకు, స్త్రీవైద్యురాలు అప్పుడప్పుడైనను రాని వసతిగృహమునకు ప్రభుత్వము అనుమతి నీయరాదు. ప్రతి ప్రాథమిక ఆరోగ్యకేంద్రమున బాలికలు సంకోచము లేక మాటలాడుటకు వారమున నొక పూట కేటాయింపవలయును.

వీనికన్న ముందుగా, ఖర్చులేని పని యొకటి గలదు. మన యిండ్లలో గోడకు వ్రేలాడు క్యాలెండరుపై పాలవాని లెక్క వ్రాయుదుము. గ్యాసుబండ వచ్చిన తేదీ వ్రాయుదుము. చీటీపాట తేదీ చుట్టి పెట్టుదుము. వాని ప్రక్కన కూతురు తన చేతితో నెలకొక చుక్క పెట్టుకొనుటకు స్థలమున్నది. ఆ చుక్క కనబడని నెలలు మూడైనప్పుడు, "అమ్మా, డాక్టరుగారి యొద్దకు పోదము రమ్మ"ని బిడ్డను పిలువవలసినవాడు తండ్రి.